తల తిప్పిన తెల్లపిట్ట

పళ్ళు తీసి బల్ల మీద పెట్టిన మనిషి అబద్ధం ఆడదని నెదెల్యా నమ్మకం.

మా ఊరు త్రోయాన్‌లో పళ్ళ డాక్టరు గది వెనకే ఆమె పనిగది. డాక్టరు నోటి అచ్చులు తీసి పంపుతాడు, ఆమె కట్టుడు పళ్ళు చేస్తుంది. పగిలినవీ వదులైనవీ బాగుచేయించుకోవడానికి కొండ ఊళ్ళ ముసలమ్మలు పొద్దుటి బస్సుకి దిగుతారు. ఆ బస్సు నడిపేవాణ్ణి నేనే కాబట్టి వాళ్ళ బుట్టలూ వాళ్ళ సణుగుళ్ళూ నాకు బాగా పరిచయం. పళ్ళ సెట్టు నెదెల్యా చేతికిచ్చి, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని బెంచీ మీద వరసగా కూర్చుంటారు. అతుకు ఆరేదాకా వాళ్ళకి, తిరుగు బస్సు వేళ దాకా గుమ్మంలో నిలబడ్డ నాకు చేసే పనేమీ ఉండదు. అప్పుడు అడుగుతుంది నెదెల్యా, ఆకురాయి మీంచి చూపు తియ్యకుండా.

"అవ్వా, మీ ఊరి మీదికి ఎద్దులాంటిదొకటి వచ్చిందనుకో. కొమ్ములు లోపలికి చుట్టుకుపోయి ఉంటాయి, పొడవలేదు. తరిమితే పేడ వేస్తుంది. అది పడ్డచోటల్లా అంటుకుని తగలబడిపోతుంది. ఏం చేస్తారు మీరు?"

ఎవరూ ఆశ్చర్యపోరు. ముందు ఆ ఎద్దు ఎవరిదో తేల్చాలని ఒకావిడ అంటుంది. ఎవరిదో తెలియకుండా దాన్ని కొడితే రేపు కోర్టుకి ఎవరు తిరుగుతారు? పక్కావిడ రుమాలు వెనక నుంచి నవ్వి, కొట్టడం ఎందుకు, తీసుకెళ్ళి గాత్యో సారా బట్టీ వెనకాల కట్టేస్తే సరి, శరత్కాలమంతా కట్టెల ఖర్చు తప్పుతుందంటుంది. నెదెల్యా చేతిలో ఆకురాయి ఆగుతుంది, అంతే. ఆ మాట ఆమెకి పనికొచ్చిందని నాకు అర్థమవుతుంది.

ఇదంతా ఆదివారం మధ్యాహ్నం మేం నలుగురం పఠనమందిరం మేడ మీద ఆడే ఆట కోసం. నెదెల్యా కథ నడుపుతుంది. మిగతా ముగ్గురం తలా ఒక మనిషిగా మారి ఆ కథలో తిరుగుతాం. వేషాలేమీ ఉండవు, అంతా నోటితోనే. దారిలో ఎదురైనదాన్ని ఏం చేస్తామో చెప్తాం, అది కుదిరిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. బల్ల మీద ఎవరో ఒకరు తెచ్చిన బానిత్సా అనే జున్ను పొరల రొట్టె ముక్కలు, పొద్దుతిరుగుడు గింజలు, ఉడికించిన పళ్ళ రసం కంపోటు సీసా ఉంటాయి. నెదెల్యా అన్న పేరుకి మా భాషలో ఆదివారం అని అర్థం. "ఆదివారం నాడు ఆదివారం దగ్గరికి వెళ్తున్నా" అని పక్కింటివాళ్ళకి చెప్పి మరీ బయల్దేరతాడు గాత్యో. పెద్దవాడు కాబట్టి మేమంతా బాయ్ గాత్యో అంటాం. ఊరి ప్లమ్ పళ్ళన్నీ అతని బట్టీలోనే సారా అవుతాయి. ఇరవయ్యేళ్ళుగా ఆటలో అతను ఉప్పు స్పాస్. కంచరగాడిదల మీద దొంగ ఉప్పు కొండలు దాటించే మనిషి. అసలు గాత్యోకి ఉప్పు తినొద్దని డాక్టర్లు చెప్పాక ఈ పేరుతో మేం అతన్ని చాలా ఏడిపించాం.

నెదెల్యాకి ఈ ఆట ప్లోవ్‌దివ్‌లో దొరికింది. పళ్ళ పని నేర్చుకోడానికి అక్కడ హాస్టల్లో ఉన్నప్పుడు, గదిలో ముందున్నవాళ్ళెవరో వదిలేసిన పరాయి భాష ఆట పుస్తకం మంచం కోడు కింద ఎత్తు కోసం పెట్టి ఉందట. తీసి చదివింది. నిఘంటువు పక్కన పెట్టుకుని చలికాలమంతా చదివింది. సెలవులకి ఊరొచ్చి మమ్మల్ని కూర్చోబెట్టి మొదటి ఆట నడిపింది. గుహ, గుహలో బంగారం, బంగారం మీద రెక్కల సర్పం. నిప్పు కక్కుతుంది, ఎదురైనవాణ్ణి మింగేస్తుంది అని పుస్తకంలో ఉంది. ఆమె దాన్ని మా మాటలో జ్మేయ్ అంది.

అక్కడే చెడింది. మా వైపు జ్మేయ్ అంటే ఊరికి కాపలా. వడగళ్ళు రాకుండా చూస్తాడు, పంట కాస్తాడు, ఊళ్ళో అందమైన అమ్మాయి కనిపిస్తే మనసు పడతాడు. గుహలోంచి జ్మేయ్ బయటికి వచ్చాడని నెదెల్యా చెప్పగానే గాత్యో కత్తి తియ్యలేదు. ఉప్పు స్పాస్ టోపీ తీశాడు. సంచిలోంచి రొట్టె, ఉప్పు తీసి ముందు పెట్టాడు. బాబూ, ఎవరి అమ్మాయి కోసం వచ్చావు, వాళ్ళ నాన్నతో మాట్లాడమంటావా అని అడిగాడు. నెదెల్యా పుస్తకం తిరగేసింది. పెళ్ళి బేరానికి పుస్తకంలో ఏ నియమమూ లేదు. ఆ సాయంత్రమంతా మేం బంగారం ముట్టలేదు, కట్నకానుకల సంగతులే నడిచాయి. చివరికి పెళ్ళి కూడా కుదరలేదు, పెళ్ళికూతురి మేనత్తకి సర్పం తోక నచ్చలేదు.

అప్పటి నుంచి ఆమె పద్ధతి మారింది. ఏ ప్రాణీ పుస్తకంలోంచి తిన్నగా మా బల్ల మీదికి రాదు. పాతకాలపు సన్యాసులు తోలు కాగితాల మీద రాసి బొమ్మలు వేసిన జంతువుల పుస్తకాల నకళ్ళు ఎక్కడెక్కడివో సంపాదించింది. వాళ్ళు చూసి రాసినవి కావు, విన్నవి రాసినవి. ఒకడు విన్నది ఇంకొకడు తప్పుగా రాసుకుంటే ఆ తప్పుకి కూడా నాలుగు కాళ్ళు వచ్చేశాయి. చీమ తలా సింహం ఒళ్ళూ ఉన్న ప్రాణి అలా పుట్టిందే. సింహం పొట్ట మాంసం అడుగుతుంది, చీమ నోరు గింజలే తింటుంది, పాపం ఆకలితో చస్తుంది. నెదెల్యాకి ఆ జంతువంటే వల్లమాలిన జాలి. కానీ జాలి చాలదు. దాన్ని చూసి ఇక్కడి మనిషి ఏం చేస్తాడు, గుమ్మానికి ఏం కడతాడు, పిల్లల్ని ఏమని బెదిరిస్తాడు అన్నది తేలాలి. అది తేల్చేవాళ్ళు బెంచీ మీద పళ్ళు లేకుండా కూర్చున్న ముసలమ్మలు.

మనిషి ముఖమూ సింహం ఒళ్ళూ మూడు వరసల పళ్ళూ ఉన్న మృగం సంగతి మాత్రం ఆమె ఎవర్నీ అడగలేదు. మైనంతో దవడ చేసి మూడు వరసలూ గుచ్చి చూసుకుంది. నోరు మూతపడలేదు. ఎన్ని విధాల మార్చినా పడలేదు. దాంతో మా ఆటలో ఆ మృగం నోరు తెరుచుకునే తిరుగుతుంది, చొంగ కారుస్తూ ఊరి చివర నిలబడి, ఒక్క వరస పీకెయ్యమని బూర ఊదినట్టు బతిమాలుతుంది. దాన్ని చూసి భయపడటం ఎలాగో మాకు తెలియలేదు. కానీ ఆ ఏడుపు వినిపిస్తే మాత్రం తలుపులు వేసుకునేవాళ్ళం. ఒకసారి పట్టకారు పట్టుకుని వెళ్ళిన స్పాస్ ఒక్క వరస పీకి తిరిగి రావడానికి మూడు ఆదివారాలు పట్టింది.

ఈ ప్రాణులన్నిటి బొమ్మలూ ఆమే చేస్తుంది. పళ్ళ అచ్చుల గట్టి సుద్దతో ఒళ్ళు పోస్తుంది, మిగిలిపోయిన పళ్ళతో గోళ్ళూ కొమ్ములూ పెడుతుంది. ఎంత భయంకరమైనదానికైనా చిగుళ్ళు మాత్రం కట్టుడు పళ్ళవే, ముద్దుగా గులాబీ రంగులో ఉంటాయి.

మా నాలుగో మనిషి స్తాంకా. పదేళ్ళు జర్మనీలో ముసలివాళ్ళకి సేవ చేసి తిరిగొచ్చింది. వచ్చాక ఆమెతో ఒక చిక్కు. మా ఊళ్ళో అవునంటే తల అటూ ఇటూ తిప్పుతాం. కాదంటే గడ్డం ఒకసారి పైకెత్తి దించుతాం. జర్మనీలో ఇది తిరగబడి ఉంటుందట. అక్కడి ముసలాయన ఒకడు మందు కావాలా అన్నప్పుడు తల పైకీ కిందికీ ఊపితే ఆమె వద్దనుకుని మానేసి తిట్లు తిందట. కష్టపడి మెడకి అక్కడి అలవాటు నేర్పింది. తిరిగొచ్చాక మెడ ఎటూ కాకుండా పోయింది. ఇంకో ముక్క బానిత్సా పెట్టనా అంటే తల ఏదో ఒక వైపు కదిలిస్తుంది, అది త్రోయాన్ తలో జర్మనీ తలో ఎవరికీ అంతుపట్టదు. ఆటలో ఒకసారి వంతెన కోసెయ్యమంటావా అంటే తల ఊపింది. గాత్యో కోసేశాడు. మేమంతా ఇంకా వంతెన మీదే ఉన్నాం. ఆ ఆదివారం నెదెల్యా ఒక నియమం పెట్టింది. ఈ బల్ల దగ్గర తల ఊపడం చెల్లదు. ఏదైనా సరే నోటితో చెప్పాలి.

శీతాకాలంలో గాత్యో మేడ మెట్లెక్కడం నెమ్మదించింది. మధ్యలో ఆగి, గోడ మీది పాత నాటకాల ఫొటోలు చూస్తున్నట్టు నిలబడేవాడు. ఆ ఫొటోలు అతను పుట్టకముందు నుంచీ అక్కడే ఉన్నాయి. ప్లేవెన్ పెద్దాసుపత్రిలో చూపిస్తే గుండెలో కవాటం ఒకటి బిగుసుకుపోయింది, ఆపరేషన్ చేసి మార్చాలి, ఎండాకాలం దాకా ఆగొద్దు అన్నారు. గాత్యో వినేసి ఇంటికొచ్చేశాడు. అతని అన్న కూడా ఇలాంటి ఆపరేషన్‌కే వెళ్ళి బల్ల మీంచి లేవలేదు. నేను బస్సులో ఎక్కించుకుని తీసుకెళ్తానంటే, నీ బస్సుకి తిరుగు టిక్కెట్టు ఉందా అన్నాడు. స్తాంకా జర్మనీలో ఇలాంటి గుండెల్ని ఎన్నో చూశానని, నెల తిరిగేసరికి వాళ్ళు తోటపని చేసుకుంటారని చెప్పింది. నాకు తోట లేదన్నాడు. నెదెల్యా మాత్రం అతని ముఖం చూసేది, పాచికలు తీసేది.

ఆ రోజుల్లోనే ఆమె తెల్లపిట్ట మీద పని చేస్తోంది. సన్యాసుల పుస్తకంలో అదొక మంచి ప్రాణి. ఒళ్ళంతా తెలుపు, ఎక్కడా మచ్చ ఉండదు. రోగి మంచం దగ్గరికి తీసుకొస్తే, బతికేవాడైతే అతని ముఖంలోకి చూసి రోగాన్నంతా తనలోకి పీల్చుకుని ఎండలోకి ఎగిరిపోతుంది. చచ్చేవాడైతే ముఖం తిప్పేసుకుంటుంది. బెంచీ మీద ముసలమ్మలకి ఇది అస్సలు నచ్చలేదు. అలాంటి పిట్టని ఇంట్లో ఎవరు పెంచుతారు? రోజూ పొద్దున్నే లేచి అది ఎటు చూస్తోందో చూసుకుంటూ బతకాలా? ఒకావిడ మాత్రం, రోగాన్ని ఎత్తుకెళ్ళే పిట్ట అయితే దాని కాలికి మార్తెనిత్సా కట్టాలి కదా అంది. మార్చి మొదట్లో మేమంతా చేతికి కట్టుకునే ఎర్రా తెల్లా దారం అది. తొలి కొంగ కనబడ్డాక విప్పి పళ్ళ చెట్టు కొమ్మకి కడతాం. నెదెల్యా సుద్ద పిట్ట కాలికి సన్నటి దారం కట్టింది. మెడ తిరగాలి కాబట్టి తల విడిగా పోసి, తీగ మీద నిలబెట్టింది.

ఫిబ్రవరి చివరి ఆదివారం ఆటలో ఉప్పు స్పాస్ మంచులో కూలబడిపోయాడు. అది పాచిక చేసిన పని, ఎవరూ కావాలని చేసింది కాదు. కొండ మీద గొర్రెల దొడ్డిలో పడుకోబెట్టాం. వచ్చే వారం అక్కడికి ఒక పిట్ట వస్తుంది, రోగి బతుకుతాడో లేదో అదే జవాబిస్తుంది అని చెప్పి నెదెల్యా ఆ రోజుకి ఆపేసింది.

గాత్యో గింజలు ఒలుస్తూ ఉన్నాడు. ఒలవడం ఆపకుండానే అన్నాడు:

"అయితే ఆ పిట్టతోనే తేల్చుకుందాం అమ్మాయ్. స్పాస్ బతుకుతాడంటే నేను మన డ్రైవర్ బస్సెక్కి ప్లేవెన్ పోతా. లేదందా, ఇంకెవ్వరూ నా దగ్గర ప్లేవెన్ పేరెత్తొద్దు."

"ఆట ఆటే, బాయ్ గాత్యో. నీ గుండె నా బల్ల మీద పెట్టకు."

"డాక్టర్ మాట వినడం నాకలవాటు లేదు. నీ పాచిక మాటైతే ఇరవయ్యేళ్ళుగా వింటున్నా. దాన్నెప్పుడూ నువ్వు తిప్పలేదు. అందుకే."

ఆమె జవాబు కోసం ఆగకుండా గాత్యో కోటు వేసుకుని వెళ్ళిపోయాడు.

వారం మధ్యలో లోవెచ్ పట్నానికి సుద్ద బస్తా కోసం వస్తూ నెదెల్యా నా వెనక సీట్లో కూర్చుంది.  కిటికీలోంచి చూస్తూ నెమ్మదిగా చెప్పింది. పాచికలో ఏ అంకెకి పిట్ట చూస్తుందో, ఏ అంకెకి ముఖం తిప్పేస్తుందో ఆమె ఒక్కదానికే తెలుసు. పాచిక పడ్డాక మార్చేసుకున్నా కనిపెట్టేవాళ్ళు లేరు. అయితే ఇంకేం, మార్చెయ్యి అన్నాను. ఆమె కోపగించుకోలేదు. మార్చిన పాచిక మాట అతను విన్నట్టు కాదు, నా మాట విన్నట్టు అంది. నా మాట వినేవాడైతే శీతాకాలంలోనే వెళ్ళేవాడు అంది. పదికి లోపు పడితే పిట్ట తల తిప్పేస్తుందని, ఇప్పుడు నీకు కూడా చెప్పేశాను కాబట్టి ఇంక మార్చలేనని చెప్పి, తర్వాత దారంతా సుద్ద ధర గురించి మాట్లాడింది.

ఆదివారం ఎండ బాగా కాసింది. మేడ గదిలో పొయ్యి వెలిగించాల్సిన అవసరం కూడా లేకపోయింది. మేమంతా చేతులకి మార్తెనిత్సా కట్టుకుని వచ్చాం. నెదెల్యా తెల్లపిట్టని జేబురుమాల్లోంచి తీసి బల్ల మధ్య పెట్టింది, స్పాస్ బొమ్మకి ఎదురుగా. దొడ్డి తడిక మీద పిట్ట వాలిందని, గొర్రెలన్నీ ఒక్కసారి నిశ్శబ్దమయ్యాయని చెప్పింది. ఆమె గొంతు మామూలుగానే ఉంది. పాచిక అందరి ముందూ వేసింది. ఏడు.

నాకు తెలుసు. నేను కిటికీ వైపు చూశాను.

నెదెల్యా కాసేపు పాచికని చూసింది. తర్వాత వేలితో పిట్ట తలని పట్టుకుని, స్పాస్ మీద నుంచి పక్కకి, మెల్లగా తిప్పింది. వేలు తీసేసింది.

మొదట పెట్టిన గట్టి తీగ శనివారం విరిగిపోయిందట. పళ్ళ వరస సరిచెయ్యడానికి వాడే తీగ ముక్క దాని స్థానంలో పెట్టింది. ఆ తీగ వంగినంత వంగి మళ్ళీ తన చోటికి వస్తుంది, దాని పనే అది. వేలు తియ్యగానే పిట్ట తల ఇటు వచ్చింది, దాటిపోయి అటు వెళ్ళింది, మళ్ళీ ఇటు వచ్చింది. అటూ ఇటూ, అటూ ఇటూ, చాలాసేపు ఆగలేదు.

"లేదంటోంది," అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది స్తాంకా. కళ్ళలో నీళ్ళొచ్చేశాయి.

గాత్యో ఆమెని చూశాడు. "నీకేమన్నా పిచ్చా? అవునంటోంది. కనబడట్లా? ఎంత గట్టిగా అంటోందో చూడు."

"తల అడ్డంగా ఊపుతోందిగా బాయ్ గాత్యో."

"అడ్డంగానే ఊపుతారు అవునంటే. నువ్వింకా జర్మనీ తలతోనే చూస్తున్నావు."

స్తాంకా ఒక్క క్షణం తన మెడ మీద తనకే నమ్మకం పోయినట్టు ఆగిపోయింది. గాత్యో నవ్వుతున్నాడు. శీతాకాలమంతా అతని నవ్వు చూడలేదు నేను. నెదెల్యా ఇప్పుడు నోరు విప్పకుండా ఉంటే చాలు, ఇంకేమీ చెయ్యక్కర్లేదు అనుకున్నాను. సోమవారం బస్సులో ముందు సీటు అతనికి ఉంచేస్తాను.

"బాయ్ గాత్యో, నేను దాని తల తిప్పేశాను," అంది నెదెల్యా. "ఏడు పడింది. ఆ పుస్తకంలో పిట్ట ముఖం తిప్పుకుందంటే మనిషి పోతాడని. ఊపింది పిట్ట కాదు, తీగ."

పిట్ట తల ఇంకా కొంచెం కొంచెం కదులుతూనే ఉంది. గాత్యో ముఖంలో నవ్వు పోలేదు గానీ అక్కడే నిలిచిపోయింది. గింజల పొట్టు చేత్తో ఒక కుప్పగా చేశాడు. కుప్పని పక్కకి నెట్టాడు. అప్పుడు అడిగాడు, నెమ్మదిగా, సారా బేరంలో చివరి మాట అడిగినట్టు:

"ఎవరి పుస్తకం అది?"

"సన్యాసులది. పడమటి వాళ్ళది."

"ఆ పిట్ట పడమట ఉందా ఇప్పుడు?"

ఆమె పిట్ట వైపు చూసింది.

"ఎక్కడుంది? త్రోయాన్ పైన, గొర్రెల దొడ్డిలో ఉంది. కాలికి మార్తెనిత్సా ఉంది. ఇక్కడికొచ్చిన జంతువు ఇక్కడి మర్యాద నేర్చుకోవాలని చెప్పిందెవరు? నువ్వు. జ్మేయ్ చేత రొట్టె తినిపించావు. ఎద్దుని నా బట్టీకి కట్టించావు. ఆ మూడు వరసల పళ్ళదానికి ఒక వరస నా చేత పీకించావు, నడుం పట్టేసింది నాకు. ఇన్నేళ్ళు లేనిది ఈ పిట్టొక్కటి పడమటి పద్ధతిలో తల తిప్పుతుందా? ఇక్కడి పిట్టైతే తల అటూ ఇటూ తిప్పితే ఏమన్నట్టు? చెప్పు."

ఇంత పొడుగు మాట అన్నాక అతనికి ఊపిరి ఆడలేదు. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని ఆగాడు. మేం ముగ్గురం ఆ చేతినే చూశాం. ఆ చెయ్యి అక్కడికి వెళ్ళిన తీరు చూశాక నాకు ఒకటి తెలిసింది, నెదెల్యాకి నాకంటే ముందే తెలిసి ఉంటుంది. అతను పిట్టతో వాదించట్లేదు. బతుకుతానని ఎవరో ఒకరు అనాలని అడుగుతున్నాడు, ఆ అడగడం కూడా నేరుగా చాతకాక ఆట నియమాలు పట్టుకుని లాగుతున్నాడు.

నెదెల్యా కుర్చీ వెనక్కి జరుపుకుంది. కంపోటు సీసా మూత తీసి గాత్యో గ్లాసులో పోసింది. అతను తాగేదాకా ఆగింది.

"నువ్వన్నది నిజమే," అంది. "దాని మర్యాద నేను ఇంకా పూర్తిగా కుదర్చలేదు. అయితే ఇక్కడ ఇంకో మర్యాద కూడా ఉంది, అది నీ కళ్ళెదుటే పెట్టుకున్నాం. ఈ బల్ల దగ్గర తల ఊపడం చెల్లదు."

స్తాంకా ముక్కు తుడుచుకుంటూ నవ్వేసింది.

"నోటితో చెప్పాలి. పిట్టకి నోరు లేదు. కాబట్టి ఇక్కడి పిట్ట చూడ్డం వరకే చేస్తుంది. ఏం చెప్పిందో రోగి తన నోటితో తనే పైకి చెప్పాలి. అందరూ వినేలా. చెప్పింది చెప్పినట్టు జరిపించుకోవాల్సింది కూడా వాడే. చెప్పలేకపోతే పిట్ట అక్కడే కూర్చుని ఉంటుంది, ఎగరదు. ఇది ఈరోజు నుంచి నియమం. స్పాస్ విషయంలో మొదలు."

గాత్యో పిట్టని చూశాడు. తల ఇప్పుడు కదలట్లేదు. తీగ దాన్ని మళ్ళీ తిన్నగా, స్పాస్ వైపుకే తెచ్చి ఆపింది. కింద హాల్లో పిల్లల నాట్యం క్లాసు మొదలైనట్టుంది, అకార్డియన్ మీద ఒకటే ముక్క మళ్ళీ మళ్ళీ వాయిస్తున్నారు. గాత్యో గడ్డం కొంచెం కదిలింది. పైకో పక్కకో నాకు తెలియలేదు.

"నోటితో," అంది స్తాంకా.

"వింటున్నా," అన్నాడు విసుగ్గా. గొంతు సవరించుకున్నాడు. "వెళ్ళమంటోంది. భయమేస్తే భయంతోటే వెళ్ళమంటోంది." గ్లాసు పక్కకి జరిపి, "వెళ్తాను," అన్నాడు.

నెదెల్యా పిట్టని రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుంది. అది ఎగిరిపోయిందంది. ఎండలోకి.

మంగళవారం గాత్యో, నెదెల్యా నా బస్సెక్కారు. లోవెచ్‌లో దింపి ప్లేవెన్ బస్సు దగ్గరికి నేనే తీసుకెళ్ళి, ఆ డ్రైవర్‌కి అప్పజెప్పాను. గాత్యో సంచిలో పైజామా, రెండు సీసాల సారా ఉన్నాయి, డాక్టర్లకి. ఎలాగూ తీసుకోరని నెదెల్యా అంటే, తీసుకోకపోతే నాకు కుట్లు వేసేటప్పుడు చేతులు వణుకుతాయి వాళ్ళకి అన్నాడు. ఆపరేషన్ గదికి ముందు నర్సు చేతి దారం కత్తిరించాలంటే ఒప్పుకోలేదట, నెదెల్యాయే ముడి విప్పి తన చేతికి కట్టుకుందట. ఇవన్నీ ఆమె తర్వాత చెప్పినవి.

ఒకటి మాత్రం ఇంకా చెప్పి నవ్వుకుంటుంది. ఆపరేషన్ అయ్యాక చాలాసేపటికి లోపల్నుంచి ఒక చిన్న డాక్టరమ్మ వచ్చింది. అక్కడ చదువుకోడానికి ఇండియా నుంచి వచ్చిన అమ్మాయి. బాగున్నాడా అని నెదెల్యా అడిగింది. ఆ అమ్మాయి తల ఊపింది. మా ఊపూ కాదు, జర్మనీ ఊపూ కాదు. చెవి భుజం వైపుకి, మళ్ళీ రెండో భుజం వైపుకి, తక్కెడ తూగినట్టు. ఇరవయ్యేళ్ళుగా నోళ్ళు చూసిన నెదెల్యాకి అవునా కాదా తేలలేదు. "నోటితో చెప్పమ్మా, దయచేసి," అని ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. ఆ అమ్మాయి మా భాషలో మాటలు కూడబలుక్కుని, బాగున్నాడు, లేచాడు, ఉప్పు లేని సూప్ వద్దంటున్నాడు అని చెప్పింది.

చెట్లు పూతకొచ్చాక ఒక ఆదివారం గాత్యో మేడ మెట్లెక్కాడు. ఫొటోల దగ్గర ఆగలేదు. వచ్చి తన కుర్చీలో కూర్చుని, నెదెల్యా చేతి నుంచి తన దారం తీసుకుని చెట్టుకి కట్టాలని జేబులో వేసుకున్నాడు, సంత దగ్గర చిమ్నీ మీద కొంగ అప్పటికే గూడు సర్దుకుంటోంది. స్తాంకా బానిత్సా పెట్టనా అంది. పెట్టు అన్నాడు, నోటితో. తర్వాత డాక్టర్లు ఏం చెప్పారో మొదలుపెట్టాడు. పరిగెత్తొద్దన్నారట, మెట్లు చూసి ఎక్కమన్నారట, శరత్కాలంలో కూడా కట్టెలు మాత్రం ముట్టుకోవద్దన్నారట.

"మరి బట్టీ ఎలా వెలుగుతుంది?" అన్నాన్నేను.

గాత్యో నా వైపు చూడలేదు. పాచికలు ముందుకు లాక్కుని నెదెల్యా వైపు తిరిగాడు.

"స్పాస్ లేచాడు. గాడిదల్ని విప్పాడు. ఆ నిప్పు పేడ వేసే ఎద్దు కిందటి సారి బట్టీ దగ్గర కట్టు తెంపుకుని ఎక్కడ తప్పిపోయిందో చెప్పు అమ్మాయ్. ముందు దాన్ని తోలుకురావాలి."